పట్టీ పట్టని చెయ్యి

పద్దెనిమిది నెలల మంత్రసాని చదువుల
నేను మొదట నేర్సుకున్నది
కడుపుల గుండెచప్పుడు లెక్కవెట్టుడు కాదు.
ఒక చేతిని కొలవలేకపోవుడు.

దేవరకొండ దవాఖాన. ఆషాఢం, ఉక్కపోత.
రాళ్లవాగు తండా నుంచి ద్వాళి ఆటోల వచ్చింది.
ఎనిమిదో నెల. పాదాలు ఉబ్బి చెప్పులల్ల పట్టుతలెవ్వు.
బీపీ పట్టీ చుట్టబోతే
మోచేతి మీదికెల్లి భుజం దాక తెల్లగాజులు,
పట్టీకి జాగ లేదు.

"తియ్యి" అన్న.
ఆమె నవ్వింది.
తెలుగు సమజ్ కాలేదనుకోని ఇంకింత గట్టిగ అన్న.
ఎనుక లైను పెరుగుతున్నది.
ఆమె తియ్యలే. నేనే తీసిన,
సబ్బునీళ్లు రాసి, ఒక్కొక్కటి,
పదకొండు గాజులు గ్లౌజుల డబ్బ మూతల వేసిన.
నూట నలభై, తొంభై. రాసుకున్న.
తల లేపి చూస్తే
గడప కాడ ఆమె అత్త కూలబడి
రాగం దీసి ఏడుస్తున్నది, కొడుకు సచ్చిపోయినట్టు.
కొడుకేమో బయట
చాయ్ బండి కాడ చిల్లర లెక్కవెట్టుకుంట నిలవడ్డడు.

ద్వాళి మళ్ల రాలే.
ఆమె కార్డు మీద ఎర్రపెన్నుతోని 'రాలేదు' అని రాసింది నేనే.
'గాజులు తీసిన' అని రాసేటందుకు
అందుల గడి లేదు.

సుగుణ మేడం తిట్టలే.
సోమవారం జీపుల ఎక్కించి తండాల దించింది.
"హస్లి అని ముసలామె ఉంటది. ఆమె చెప్తే ఇను.
చెప్పకపోతే మేకలు కాయి."

మూడొద్దులు మేకలు కాసిన.
నాలుగోనాడు హస్లి నా సంచి గుంజుకోని
ఒక్కొక్క సామాను బయటికి తీసింది.
చిన్న సూదిమందు సీస కాడ చెయ్యి ఆగింది.
ఇదెందుకన్నది.
కాన్పయినంక నెత్తురు ఆగకపోతే, అన్న.
చానాసేపు మాట్లాడలే.
"నా చేతులల్ల ఏడుగురు పోయిన్రు.
గిదొకటి ఉంటదని
నాకెవ్వలూ చెప్పలే గదనే బిడ్డా."

ఆ రాత్రి నేను ఆమెకు నురగతోని చేతులు కడుగుడు చూపిచ్చిన,
గోర్ల సందుల దాక.
ఆమె నాకు గాజుల సంగతి చెప్పింది:
అవి మొగడు పోయిననాడు తీసేటివి.
మరి పట్టీ యాడ కట్టాలె?
"ముంజెయ్యి లేదా?" అన్నది,
నాకు కండ్లు లేనట్టు.
మేడంకు ఫోన్ చేసిన. కట్టొచ్చన్నది.
పై చేతి లెక్కకూ దీనికీ తేడా ఉంటది,
ఏడ కట్టినవో పక్కన రాయమన్నది.

ద్వాళి ఇంటికి పోయినం.
అత్త మంచినీళ్లు ఇయ్యలే.
గొంగడి మీద హస్లి కూసున్నది, నేను మట్టిల.
వాళ్ల మాటలల్ల నాకు తెలిసింది ఒక్కటే, యాడీ.
అమ్మ.
ఎవరిని అంటున్నరో మాత్రం తెల్వలే.
ఎంతసేపయిందో, ద్వాళి నా దిక్కు చూడకనే
ముంజెయ్యి చాపింది.
నూట యాభై ఆరు, నూట నాలుగు.
అంకె చెప్పలే నేను. నా మొకం చూసింది అత్త,
లేసి మూట కట్టింది.

దవాఖానల సూదులు పడ్డయి, బీపీ దిగింది.
తెల్లారగట్ల నొప్పులు ముదిరినయి.
మంచం మీద ఎల్లెలకల పండనన్నది.
డాక్టరమ్మ మేడం దిక్కు చూసింది, మేడం నా దిక్కు.
"దించుదాం" అన్న.
నేల మీద దుప్పటి, ఎనుక హస్లి మోకాళ్లు,
ముంగట నేను. నా మెడ చుట్టు ఆమె చేతులు.
నొప్పి వచ్చినప్పుడల్ల గాజులు మెడల దిగినయి.
హస్లి ఏదో అన్నది. ద్వాళి తిట్టింది.
హస్లినో నన్నో, అడగలే.

ఆడపిల్ల. రెండు కిలోల ఆరువందలు.
అత్త చెంబుల నీళ్లు తెచ్చి నా ముందల పెట్టింది.
గటగట తాగుతుంటే
మెడ మీద మండింది.
బాత్రూం అద్దంల చూసుకుంటే
గాజుల అచ్చులు, ఎర్రగ, దగ్గెర దగ్గెర.
లెక్కవెట్టబోయిన.
ఒకదాని మీద ఒకటి పడి
లెక్క తేలలే.